హామ్ రేడియోయు ఆరోగ్యమును



ఎవరి స్మృత్యర్థము మనమీ సాయంకాలము సమావేశమైతిమో ఆ పెద్దలు వృత్తిచేత గణితోపాధ్యాయులు, ప్రవృత్తిచేత హామ్ రేడియో సాధకులు. పగలెల్ల పిల్లలకు త్రికోణమితి బోధించి, రాత్రి భోజనానంతరము మేడగదిలో మోర్సు కీ ముందు కూర్చుండి, ఖండాంతరములయందలి మిత్రులతో చుక్కలు గీతల భాషలో క్షేమసమాచారములు మాటలాడుకొన్నవారు. అట్టి గృహములన్నింట ఏదో ఒకనాడు ఒక ప్రశ్న పుట్టును. అడుగువారు సాధారణముగా ఆ సాధకులు కారు. వారి తల్లులు, భార్యలు, పై వాటాలో అద్దెకున్నవారు. "ఈ తరంగాలు ఒంటికి మంచివేనా?" అన్నది ఆ ప్రశ్న. దానికి హామ్‌లు తరచు నవ్వి ఊరకుందురు. వార్తాపత్రికలు తరచు భయపెట్టి ఊరకుండును. ఈ రెండింటి నడుమ లెక్క వేసి చెప్పదగిన సమాధానమొకటి కలదనియు, ఆ లెక్కను అడిగినవారి యెదుట వేసి చూపుట హామ్‌కు లైసెన్సుతోపాటు సంక్రమించిన బాధ్యత యనియు నా అభిప్రాయము. లెక్కల మాస్టరుగారి పేర ఏర్పడిన ఉపన్యాసమున లెక్కల ప్రసక్తి వచ్చుట అనుచితము కాదని తలంచెదను.

హామ్ అనగా వ్యాపారదృష్టి లేక, ప్రభుత్వపరీక్షలో ఉత్తీర్ణుడై, లైసెన్సు పొంది, సొంత ట్రాన్స్‌మిటరుతో తోడి అభిరుచికారులను పలుకరించుచు, తీరిక వేళల ఆ విద్యకు మెరుగు పెట్టుకొనువాడు. మన దేశమున ఈ లైసెన్సును మొదట పొందినవారు అమరేంద్రచంద్ర గుప్తుగారు. అది 1921వ సంవత్సరము. హైదరాబాదునందు 1983లో నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యను మన ప్రాంతమున వ్యాపింపజేసినది. ఆ సంస్థ పక్షమున 2004 డిసెంబరులో భారతీ ప్రసాదుగారి నాయకత్వమున అండమాను దీవులకు వెళ్లిన హామ్‌ల బృందము, 26వ తేదీ ప్రాతఃకాలమున సునామీ విరుచుకుపడి తక్కిన వార్తాసాధనములు మూగవోయినపుడు, పోర్టుబ్లెయిరునుండి ప్రధానభూభాగమునకు వార్తలు చేరవేసిన సంగతి మీకు విదితమే. ఇంతటి ప్రయోజనముగల విద్యను ఉత్తభయముచేత మానుకొనుట తగదు. అయినను ప్రయోజనమున్నది గనుక ప్రమాదము లేదనుట తర్కము కానేరదు.

మొదట భయమునకు మూలమైన సందేహమును పరిశీలింతము. ఎక్స్‌రేలు, రేడియమునుండి వెలువడు కిరణములు మన దేహమందలి అణువులనుండి ఎలక్ట్రానులను ఊడగొట్టగలవు. దీనిని అయనీకరణమందురు. ఇట్లు తెగిన బంధములు జన్యుపదార్థమున దోషములై, ఏండ్లు గడచిన పిదప కాన్సరుగా పరిణమింపవచ్చును. రేడియోతరంగములును విద్యుదయస్కాంతతరంగములే గదా, అవియు ఈ పనియే చేయవా యని సామాన్యుని శంక. ఐన్‌స్టీన్ 1905లో వెలువరించిన సిద్ధాంతములో ఈ శంకకు సమాధానమున్నది. కాంతియైనను, రేడియోతరంగమైనను, శక్తిని చిన్న చిన్న మూటలుగానే అందజేయును; మూట యెంతటిదన్నది కంపనసంఖ్యను బట్టి యుండును. ట్రాన్స్‌మిటరు బలమును ఎంత పెంచినను మూటల సంఖ్య పెరుగును గాని ఒక్కొక్క మూట బరువెక్కదు. అణువునుండి ఎలక్ట్రానును వేరుచేయుటకు ఒక్కపెట్టున పది, పన్నెండు ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావలయును. హామ్‌లు మిక్కిలి మక్కువతో వాడు 14 మెగాహెర్ట్జ్ తరంగములో ఒక్క మూట శక్తి అందులో ఇంచుమించు ఇరువది కోట్లవ వంతు. కావున ఎక్స్‌రే చేయు కీడును ఆ దారిలో ఈ తరంగము చేయుట అసంభవము. పాత వాల్వు యాంప్లిఫయరులనుండి ఎక్స్‌రేలే వెలువడునని కొందరు చెప్పుకొందురు; రెండు మూడు వేల వోల్టులవద్ద పుట్టునవి వాల్వు గాజునుండియే బయటపడజాలనంత బలహీనములు.

తాపము సంగతి వేరు. 1928 ప్రాంతమున అమెరికాలోని షెనెక్టడీ పట్టణమందు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో, బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటరు సమీపమున పనిచేయువారికి ఒళ్లు వెచ్చబడి జ్వరము తగిలినట్లగుట గమనించిరి. ఆ ప్రయోగశాలకు పెద్దయైన విల్లిస్ విట్నీ అందుకు బెదరక, ఆ గుణమునే ఆధారము చేసికొని జ్వరము పుట్టించు యంత్రమొకటి నిర్మింపజేసెను; దానికి 'రేడియోథెర్మ్' అని పేరు. సిఫిలిస్ వ్యాధి మెదడునకు సోకిన రోగులకు మలేరియా జ్వరమెక్కించి కుదుర్చు చికిత్సకు వాగ్నర్ యౌరెగ్ 1927లో నోబెల్ బహుమానము పొందియున్న కాలమది. మలేరియాతో పనిలేక, మీట నొక్కి జ్వరము రప్పించి, మీట విడిచి జ్వరము దింపవచ్చునని వైద్యులు సంబరపడిరి. పెనిసిలిన్ వచ్చుటతో ఆ సంబరము ముగిసినది గాని, రేడియోతరంగములు దేహమును లోపలనుండి వేడిచేయగలవను సత్యము స్థిరపడినది. తరంగములు హానిచేయవని నవ్వి ఊరకుండు హామ్‌లు ఈ జ్వరయంత్రకథను ఒకమారు జ్ఞప్తికి దెచ్చుకొనవలయును.

నేడు లోకమున అమలులోనున్న భద్రతాపరిమితులకు ఈ తాపమే పునాది. ప్రయోగశాలలలో జంతువుల దేహము కిలో బరువునకు 4 వాట్ల చొప్పున శక్తిని గ్రహించినపుడు అవి నేర్చిన పనిని విడిచిపెట్టుట ఆరంభించెను. ఆ నాలుగును పదింట భాగించి 0.4 వాటును తెలిసి తరంగముల నడుమ మెలగువారికిని, ఏబదింట భాగించి 0.08 వాటును సామాన్యప్రజలకును హద్దుగా నిర్ణయించిరి. కంటి కటకమునకును వృషణములకును రక్తప్రసరణము చాలనందున, పుట్టిన వేడిని రక్తము కొనిపోవుట అచట మందగించును. కావున ఆ యవయవముల విషయమున జాగ్రత్త హెచ్చుగా నుండవలయును.

మానవదేహము తానే ఒక ఏంటెన్నా యన్న సంగతి ఇచట చెప్పవలసియున్నది. మనిషి ఎత్తు తరంగదైర్ఘ్యమున సుమారు 0.4 వంతుగా నున్నపుడు దేహము ఆ శక్తిని అత్యధికముగా పీల్చుకొనును. సామాన్యమైన ఎత్తుగలవానికి అది 70 మెగాహెర్ట్జ్ ప్రాంతము. తడిసిన డాబాపై చెప్పులు లేక నిలిచినవానికి అది ఇంచుమించు సగమునకు దిగును. అందువలననే 30 మొదలు 300 మెగాహెర్ట్జ్ వరకు గల పరిధిలో పరిమితులు అతికఠినములు. అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ నియమముల ప్రకారము సామాన్యప్రజలకు 7 మెగాహెర్ట్జ్ వద్ద చదరపు సెంటీమీటరునకు 3.67 మిల్లీవాట్ల వరకు అనుమతి. 144 మెగాహెర్ట్జ్ వద్ద 0.2 మాత్రమే, అనగా పదునెనిమిదింతలు తక్కువ. పెద్ద ఏంటెన్నాను చూచి బెదరి, 144 మెగాహెర్ట్జ్‌కు వాడు చిన్న గొట్టమును చూచి ఊరడిల్లుట మనకు సహజము గాని, పై లెక్క ప్రకారము జాగ్రత్తపడవలసినది ఆ చిన్న గొట్టము దగ్గరనే.

ఇక తాపముతో నిమిత్తములేక, దీర్ఘకాలమున కాన్సరు వచ్చునా యను ప్రశ్న. ఇచట శామ్యూల్ మిల్హామ్ పేరు చెప్పక తప్పదు. ఆయన నాడు వాషింగ్టన్ రాష్ట్రప్రభుత్వమున వ్యాధుల వ్యాప్తిని పరిశీలించు వైద్యుడు. అమెరికా హామ్‌ల మాసపత్రికయైన 'క్యూఎస్‌టీ'లో, కీర్తిశేషులైన సభ్యుల పేర్లు 'సైలెంట్ కీస్' అను శీర్షికక్రింద నెలనెలా అచ్చగుచుండును. వారిలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రములకు చెందిన 1,691 మంది మరణకారణములను పరిశీలించి, ల్యూకేమియా మరణములు 12.6 ఉండదగినచోట 24 కనబడినవని ఆయన 1985లో 'లాన్సెట్' పత్రికకు లేఖ వ్రాసెను. ఇంచుమించు రెట్టింపు! చదివిన హామ్‌ల గుండె గుభేలుమన్నదనిన వింత లేదు. అయితే ఈ లెక్కలో ఒక మెలిక యున్నది. పోయినవారిలో ఏ వ్యాధి వాటా ఎంత యని మాత్రమే ఇందు చూచుచున్నాము. ఒక సమూహమువారు గుండెజబ్బు మొదలగువానికి తక్కువగా గురియై హెచ్చుకాలము బ్రదికిరనుకొనుడు. అపుడు తక్కిన వ్యాధుల వాటా, నిజముగా పెరుగకున్నను, పెరిగినట్లే తోచును.

మిల్హామ్ ఈ లోపము నెరుగనివాడు కాడు. 1988లో ఆయన ప్రకటించిన రెండవ పరిశీలన మొదటిదానికన్న ఎన్నోరెట్లు దిట్టమైనది. 1979 జనవరి మొదలు 1984 జూను నడుమ లైసెన్సు పొందిన, ఆ రెండు రాష్ట్రములకే చెందిన 67,829 మంది హామ్‌ల పట్టికను మరణనమోదులతో సరిచూచి, 1984 ముగియునప్పటికి 2,485 మంది మరణించిరని తేల్చెను. సర్వజనుల మరణముల రేటు 100 అనుకొన్నచో, ఈ హామ్‌ల రేటు 71 మాత్రమే. కాన్సరులన్నియు కలిపినను 89. ల్యూకేమియా అంతయు కలిపిన 124. అయితే ఈ హెచ్చు యాదృచ్ఛికమై యుండవచ్చునన్న శంకను దాటజాలనిది. అందులో తీవ్రమైన మైలాయిడ్ ల్యూకేమియా ఒక్కటి 176. మజ్జ, లింఫు గ్రంథులకు సంబంధించిన మరికొన్ని కాన్సరులు కలిపి 162.

ఈ అంకెలను ఎట్లు చదువవలయును? 176 అను అంకె వెనుక నున్న మరణములు పదునైదు. ఏ హామ్ ఎన్ని వాట్లతో, ఎన్ని గంటలు, ఏంటెన్నాకు ఎంత దూరమున కూర్చుండెనో ఆ పట్టికలో లేదు. ఉన్నది లైసెన్సు మాత్రమే. లైసెన్సును పటము కట్టించి గోడకు తగిలించి, ట్రాన్స్‌మిటరు మాత్రము కొననే కొనని హామ్‌లు మన ఊళ్లలోనే కొల్లలు. హామ్‌లలో పెక్కుమంది పగలు కూడ విద్యుత్పరిశ్రమలలో పనిచేయువారు. సోల్డరు పొగ, పాత కెపాసిటరులలోని నూనె, భాగములు తుడుచుటకు వాడు ద్రావకములు వారి చేతులమీదుగా పోవుచునే యుండును. బెంజీను వంటి ద్రావకము మజ్జకు చేటు తెచ్చునని వేరుగా ఋజువైయున్నది. ఇట్టి సంపర్కములుండవచ్చునని మిల్హామే వ్రాసెను. నా మట్టుకు నేను ఈ పరిశీలనను తీర్పుగా గాక, విచారణ జరుపవలసినదని కోరిన ఫిర్యాదుగా గ్రహింతును. 71 అను అంకెను చూపి రేడియో ఆయుర్దాయమును పెంచునని చమత్కరించు హామ్‌లను ఎరుగుదును. పరీక్ష వ్రాసి లైసెన్సు పొందగల స్తోమతయు, చదువును, మేడగదియు గలవారు సామాన్యముగా హెచ్చుకాలము బ్రదుకుదురు. ఆ ఘనత రేడియోది కాదు. ఆ 71 ఘనతను రేడియోకు కట్టబెట్టనివారు, అంతే తొందరపడి 176 దోషమును దానికి అంటగట్టరాదు.

తరువాతి విచారణలు తగవును పూర్తిగా తీర్చలేదు. నార్వేలో 2,619 మంది మహిళా రేడియో, టెలిగ్రాఫు ఉద్యోగినులను పరిశీలింపగా రొమ్ముకాన్సరు ఒకటిన్నర రెట్లు కనబడినది. ఓడలపై రాత్రి పాళీలు, ఆలస్యపు కాన్పులు మొదలగు ఇతర కారణములును అందు కలసియున్నవి. కొరియా యుద్ధకాలమున రాడార్లవద్ద పనిచేసిన అమెరికా నావికులను నలుబదేండ్లు అనుసరించి చూడగా మెదడు కాన్సరు హెచ్చలేదు. ఒక తరగతి సాంకేతికులలో ఒకజాతి ల్యూకేమియా మాత్రము హెచ్చుగా కనబడినది. ప్రపంచారోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధనామండలి 2011లో రేడియోతరంగములను '2బి' తరగతిలో, అనగా కాన్సరు కలిగించుట అసంభవమని త్రోసిపుచ్చరాని వానిలో చేర్చినది. త్రోసిపుచ్చరానిదానిని దృఢమైనదానివలె చాటుట పత్రికలకు అలవాటు.

ఇక మన చేతిలోనున్న లెక్క. సూత్రము సులభము: సగటు వాట్లను ఏంటెన్నా బలముచే హెచ్చించి, నేలనుండి తిరిగి వచ్చు తరంగములకుగాను 2.56చే మరల హెచ్చించి, దూరముయొక్క వర్గమును 4π చే హెచ్చించగా వచ్చినదానిచే భాగింపవలయును. 14 మెగాహెర్ట్జ్ వద్ద 100 వాట్లతో సామాన్యమైన డైపోలు తీగద్వారా మాటలాడు హామ్‌ను తీసికొందము. మాటల నడుమ విరామముండును, సగము కాలము ఎదుటివారి మాట వినును. కావున సగటు 10 వాట్లు. పొరుగువారి హద్దు రెండడుగుల దూరముననే తీరిపోవును. నేటి కుర్రవాండ్రు కంప్యూటరుతో నడుపు 'ఎఫ్‌టీ8' పద్ధతిలో ట్రాన్స్‌మిటరు సగము కాలము నిండుబలముతో పనిచేయును గనుక అదే దూరము నాలుగున్నర అడుగులగును. మన దేశమున జనరల్ గ్రేడు లైసెన్సునకు గరిష్ఠమైన 400 వాట్లతో అదే పద్ధతి నడిపినచో తొమ్మిదడుగులు. ఏంటెన్నాను అంటిపెట్టుకొన్నచోట ఈ సూత్రము ఉజ్జాయింపే గనుక, రెండడుగులన్నచోట ఆరడుగులు విడుచుట వివేకము. ఇపుడు 144 మెగాహెర్ట్జ్ చూడుడు: 50 వాట్లు, నాలుగింతల బలముగల నిలువు గొట్టము, సగము కాలము మాట. మొదటి హామ్ వాట్లలో సగమే, దూరము మాత్రము పదిన్నర అడుగులు!

నా మిత్రుడొకడు హైదరాబాదు శివారున అపార్టుమెంటు డాబాపై పిట్టగోడకు అట్టి గొట్టమునే బిగించియుండెను. పై అంతస్తులోని ఆమె ఒకనాడు మమ్ము మెట్లవద్ద నిలిపి, "అన్నయ్యగారూ, ఆ గొట్టం పక్కనే మా బట్టల తీగ ఉంది. పిల్లాణ్ణి ఎత్తుకుని అక్కడే నిలబడి ఆరేస్తుంటాను. ఏమన్నా అవుతుందా? నిజం చెప్పండి" అనెను. మిత్రుడు అలవాటుచొప్పున నవ్వబోయి, నా ముఖము చూచి ఆగెను. టేపు తెచ్చి కొలిచితిమి: తీగకును గొట్టమునకును నడుమ అయిదడుగులు. లెక్కవేయగా, అతడు అరగంటసేపు మాటలాడుచున్న సమయమున ఆమె అచటనే నిలిచినచో సామాన్యప్రజల హద్దు నాలుగింతలు దాటుచున్నది. ఆ హద్దునకు వెనుక ఏబది వంతుల కట్టుదిట్టమున్నది గనుక తల్లికిగాని బిడ్డకుగాని కీడు జరిగియుండునని నేననుకొనను. కాని హద్దు హద్దే. లెక్క వేసిన కాగితమును ఆమెకు చూపి, వచ్చిన ఆదివారముననే మెట్లగది గోడకు ఇరువదడుగుల జి.ఐ. పైపును క్లాంపులతో బిగించి, గొట్టమును దాని కొనకెక్కించితిమి. అట్టి గొట్టము తన శక్తిలో ఎక్కువభాగమును అడ్డముగా పంపును గాని కాళ్ల క్రిందికి పంపదు. బట్టల తీగ కడ ఇపుడు లెక్కకు దొరుకునది అత్యల్పము. మిత్రునకు దూరప్రాంతపు స్టేషనులు మునుపటికన్న బాగుగా వినబడుట అదనపు లాభము.

ఇంటిలోపలి సంగతులు మరికొన్ని. స్థలము చాలని ఫ్లాటులలో బల్లపై పెట్టుకొను చిన్న లూపు ఏంటెన్నాల చేరువలో అయస్కాంతక్షేత్రము మిక్కుటము. వానిని తలప్రక్కన పెట్టుకొని కూర్చుండుట కూడదు, రెండు మూడు మీటర్లయినను విడువవలయును. చేతిలో పట్టుకొను సెట్టు అయిదు వాట్లదే కావచ్చును గాని, దాని కొమ్మును కంటికి ఆనించి మాటలాడుట మానవలయును. ఎర్తు సరిగా లేని స్టేషనులో మైకు ముట్టుకొన్న పెదవి చురుక్కుమనును. ట్రాన్స్‌మిటరు పనిచేయుచుండగా ఏంటెన్నా కొనను తాకిన వ్రేలిపై పడు బొబ్బ పైకి ఆవగింజంత కనబడినను లోతుగా కాలియుండును, మానుటకు వారములు పట్టును.

అయితే హామ్‌లను నిజముగా పొట్టనబెట్టుకొన్నవి తరంగములు కావు. ఆస్ట్రేలియాలో పుట్టి 'క్యూఎస్‌టీ' సంపాదకవర్గమున పనిచేసి, అత్యున్నతపౌనఃపున్యముల ప్రసారమున లోకప్రసిద్ధి గాంచిన రాస్ హల్ 1938లో తాను కట్టుకొన్న టెలివిజన్ సెట్టులోని హైవోల్టేజి తగిలి మరణించెను. అంతటివానికే అది తప్పలేదు. వాల్వు యాంప్లిఫయరు స్విచ్చి ఆపిన తరువాతను కెపాసిటరులలో వేల వోల్టులు నిలిచియుండును. మన వీథులలో డాబాలకు చేయిచాపు దూరమున 11 కె.వి. తీగలు పోవుచుండగా, ఇనుప పైపును ఒంటరిగా నిలబెట్టబోవుటను మించిన సాహసము ఈ విద్యలో లేదు.

తరంగముల హద్దులకు మరల వత్తము. అమెరికా కమిషన్ 1996లో చేసిన నియమములు అచటి హామ్‌లకు 1998 జనవరి 1నుండి వర్తించినవి. తక్కువ వాట్ల స్టేషనులకు అప్పుడిచ్చిన మినహాయింపును 2021 మే 3న తొలగించి, పాతవారికి రెండేండ్ల గడువిచ్చిరి. ఇపుడు అచటి ప్రతి హామ్ తన స్టేషనును పరిశీలించుకొనవలసినదే. ఆ నియమములలో నాకు మిక్కిలి నచ్చినది, 3 మెగాహెర్ట్జ్ మొదలు 1,00,000 మెగాహెర్ట్జ్ వరకు హామ్‌కును పొరుగువానికిని నడుమ అయిదింతల భేదము పాటించుట. తెలిసి తన వేడుకకై నిలుచువానికి ఆరునిమిషముల సగటు, సడలిన హద్దు. తెలియక పిట్టగోడ అవతల బట్టలారవేయునామెకు అరగంట సగటు, కఠినమైన హద్దు. మన దేశమున సెల్ టవర్లకు 2012 సెప్టెంబరు 1నుండి అంతర్జాతీయపరిమితిలో పదవ వంతే అనుమతి. హామ్‌లు కూడ స్వచ్ఛందముగా ఆ పదవ వంతునే పాటింపదలచినచో దూరము పదిరెట్లు పెంచనక్కరలేదు. పది వర్గమూలము మూడింటికి కొంచెము మించినది గనుక, నేను చెప్పిన పదిన్నర అడుగులు ముప్పదిమూడు అడుగులగును. అనేకులకు అది సాధ్యమే.

నాతో ఇద్దరు మిత్రులు వచ్చియున్నారు. బ్యాండు, వాట్లు, ఏంటెన్నా రకము, పొరుగు డాబా ఎంత దూరమన్నది వ్రాసికొని వచ్చినవారితో కూర్చుండి లెక్కవేయుటకు మేము ముగ్గురమును రాత్రి తొమ్మిదింటివరకు ఈ హాలులోనే యుందుము. హామ్‌లు కాని పొరుగువారు వచ్చినను కుర్చీలు చాలినన్ని కలవు.